వఫాదారీకి రసీదులుండవు



ఆగస్టు వచ్చిందంటే మన మొహల్లాల్లో ఒక పని మొదలవుతుంది. మద్రసా ముందు మూడు రంగుల కాగితాలు కడతారు, మైకు తెస్తారు, ఒక మౌలానా సాబ్‌నో, రిటైర్డ్ టీచర్‌నో పిలుస్తారు. ఆయన లేచి పేర్లు చదువుతాడు. టిప్పు సుల్తాన్, బహదూర్ షా జఫర్, అష్ఫాఖుల్లా ఖాన్, మౌలానా ఆజాద్. "ఈ దేశం కోసం మనవాళ్లూ కుర్బానీ ఇచ్చారు" అని ముగిస్తాడు. తాళీలు, మిఠాయి. సాయంత్రానికి అదే జాబితా ఫోన్లలో తిరుగుతుంది. ఈ తతంగమంతా ఎవరో అడిగిన రసీదు చూపించడంలా ఉంటుంది: ఇదిగో కట్టేశాం, చూసుకోండి.

జాబితాతో నాకు పేచీ లేదు. ఆ పేర్లు మన పిల్లలకు తెలియాలి, ఎదుటివాళ్ల పిల్లలకు ఇంకా ఎక్కువ తెలియాలి. చదివే తీరుతోనే నా పేచీ. ఆ పేర్లను వఫాదారీకి సబూత్‌గా చదువుతున్నాం. కానీ వాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆనాటి హుకూమత్‌కు వఫాదార్ కాడు. అందరూ ఎదిరించినవాళ్లే. పోలీసు రికార్డుల్లో, కోర్టు తీర్పుల్లో వాళ్లలో చాలామంది పేరు పక్కన రాసింది 'ద్రోహి' అనే. అదే జాబితాను పట్టుకుని మన నౌజవాన్లకు "నోరు మూసుకుని ఉండు, మనకెందుకు" అని నేర్పుతున్నాం. ఇంతకన్నా విచిత్రం ఉందా?

హైదరాబాద్ తుర్రేబాజ్ ఖాన్‌నే తీసుకోండి. 1857 జులైలో మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని నడిపించాడు. అప్పటి నిజాం, దీవాన్ సాలార్‌జంగ్ ఇద్దరూ ఆంగ్లేయుల పక్షాన ఉన్నారు. అంటే ఆయన ఎదిరించింది పరాయి కంపెనీని మాత్రమే కాదు, మన మతం పాలకుడి ఇష్టాన్ని కూడా. మౌల్వీ సాబ్ అండమాన్‌లో కన్ను మూశారు. ఇవాళ మైకులో ఆ ఇద్దరి పేర్లూ చదివేవాళ్లు ఆ రోజు హైదరాబాద్‌లో ఉంటే "ఫసాద్ వద్దు మియా, ఇంటికి పోండి" అని ఉండేవాళ్లేమో, ఆలోచించండి.

హస్రత్ మోహానీని చూడండి. ఆయనా నా బిరాదరీయే, అఖ్బార్ నవీస్. ఉర్దూ పత్రికలో ఒక వ్యాసం వేసినందుకు 1908లో సెడిషన్ కేసు కింద జైలుకు పోయాడు. 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభలో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టాడు. సాక్షాత్తూ గాంధీజీ దాన్ని వ్యతిరేకించారు, తీర్మానం వీగిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1929లో, లాహోర్‌లో అదే కాంగ్రెస్ అదే మాటను తన మాటగా చెప్పుకుంది. ఆ ఎనిమిదేళ్లూ మోహానీ దేశాన్ని తక్కువగా ప్రేమించాడా? పెద్దాయన మాట కాదన్నాడు గనుక గద్దార్ అయ్యాడా? నిండు సభలో ఒంటరిగా నిలబడి "నాకు ఇఖ్తిలాఫ్ ఉంది" అన్నాడు. కాలం ఆయన వైపు నడిచి వచ్చింది.

మౌలానా ఆజాద్ మీద 1922లో కలకత్తాలో పెట్టిన కేసు కూడా 124ఏ సెక్షన్ కిందనే. కోర్టులో ఆయన బయాన్ 'ఖౌల్-ఎ-ఫైసల్' పేరుతో పుస్తకమైంది. సారాంశం ఒక్కటే: జాలిమ్ హుకూమత్‌ను జాలిమ్ అనడం నా నేరం కాదు, నా ఫర్జ్. ఏడాది జైలు వేశారు. అదే ఏడాది మార్చిలో అదే సెక్షన్ కింద గాంధీజీని అహ్మదాబాద్ కోర్టులో నిలబెడితే, ప్రేమ అనేది చట్టం పెట్టి పుట్టించేది కాదనే అర్థంలో జవాబు చెప్పి ఆరేళ్ల శిక్ష తీసుకున్నారు. స్వాతంత్ర్య దినం నాడు మనం పూలదండలు వేసే ఫోటోల్లో సగం 124ఏ ముద్దాయిలవే భాయీ!

ఇక్కడ భాష గురించి ఒక మాట. నేను బడి చదువు ఉర్దూలో, డిగ్రీ తెలుగులో చదివినవాణ్ని. రెండు భాషల్లో నడిచేవాడికి మాటల మధ్య సందులు బాగా కనిపిస్తాయి. ఉర్దూలో ఇఖ్తిలాఫ్ వేరు, ముఖాలిఫత్ వేరు, బగావత్ వేరు, గద్దారీ వేరు. ఇఖ్తిలాఫ్ అంటే నీ అభిప్రాయం నాకు లేదనడం. ముఖాలిఫత్ అంటే ఎదురు నిలవడం. బగావత్ అంటే అధికారాన్నే కాదనడం. గద్దారీ అంటే నమ్మినవాణ్ని అమ్ముకోవడం. నాలుగు మెట్లు. ఇవాళ టీవీ స్టూడియోలో కూర్చున్నవాళ్లు ఈ నాలుగింటినీ ఒకే గంపలో వేసి 'దేశద్రోహం' అంటున్నారు. కాలువకు నీళ్లు రాలేదని రోడ్డెక్కినవాడూ, దేశ రహస్యాలు అమ్ముకున్నవాడూ ఒకటేనట!

తెలుగులో సెడిషన్‌కు పాత మాట 'రాజద్రోహం'. మాట నిజాయితీగా ఉంది. ద్రోహం జరిగింది రాజుకు, దేశానికి కాదు. రాజు పోయాడు, ప్రజలే యజమానులయ్యారు. మరి ఇప్పుడు రాజద్రోహం ఎవరికి? జవాబు దొరక్క మాట మార్చారు. రాజు కూర్చున్న చోట దేశాన్ని కూర్చోబెట్టి, పాలకుడిని అడిగితే దేశాన్ని తిట్టినట్టు చేశారు. హుకూమత్ వేరు, వతన్ వేరు. హుకూమత్ ఐదేళ్లకోసారి మారుతుంది. వతన్ మన దాదా పర్‌దాదాల కబరస్తాన్ ఉన్న నేల, అది మారదు.

దీన్ వైపు నుంచి వద్దాం. ఆగస్టు 15 తఖ్రీర్‌లలో "హుబ్బుల్ వతని మినల్ ఈమాన్" అనే మాటను హదీస్ అని చెబుతుంటారు. ముహద్దిసీన్ దీన్ని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మాటగా ఒప్పుకోలేదు. వతన్ మీద ప్రేమ చెప్పడానికి సనద్ లేని మాట మనకు అవసరం కూడా లేదు. సీరత్‌లోనే దానికన్నా గొప్ప దలీల్ ఉంది. హిజ్రత్ వేళ ఆయన మక్కాను చూసి, ఈ ఖౌమ్ నన్ను వెళ్లగొట్టకపోతే నిన్ను విడిచి వెళ్లేవాణ్ని కాననే భావంతో మాట్లాడారని తిర్మిజీలో రివాయత్ ఉంది. గమనించండి. పదమూడేళ్లు ఆ ఊరి సర్దార్లతో ఇఖ్తిలాఫ్. వాళ్ల వ్యాపారాన్ని, వాళ్ల గర్వాన్ని, ఆడపిల్లల్ని పాతిపెట్టే రివాజును కాదన్నారు. అయినా ఊరి మీద ప్రేమ రవ్వంత తగ్గలేదు. ఊరిని ప్రేమించడమూ, ఊరి సర్దార్లను ప్రశ్నించడమూ ఒకే గుండెలో ఉండగలవని దీనికన్నా ఏం సబూత్ కావాలి? జాలిమ్ పాలకుడి ముందు హక్ మాట చెప్పడం అన్నిటికన్నా గొప్ప జిహాద్ అనే హదీస్ అబూదావూద్‌లో, తిర్మిజీలో ఉంది. అది కత్తి మాట కాదు, కలిమా మాట. జబాన్ మాట.

ఆ హిజ్రత్ మన తీరానికి కూడా వచ్చింది. ఎంతమందికి తెలుసు?

మా అడవులదీవి నిజాంపట్నం మండలంలో ఉంది. నిజాంపట్నం పాత రికార్డుల్లో పెటపోలి. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' బేరానికి వచ్చిన రేవుల్లో అదొకటి. అంటే రాబోయే హుకూమత్ మన ఇసుక మీదే తొలి అడుగుల్లో ఒకటి వేసింది. మూడు వందల ఏళ్ల తర్వాత ఇదే తీరంలో, బాపట్ల దాటితే వచ్చే చీరాలలో, ఆ హుకూమత్‌కు జనం ఇచ్చిన జవాబు వినండి.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేయాలనుకుంది. నేతపనివాళ్లు, కూలీలు, చిన్న వ్యాపారులు ఉన్న ఊళ్లవి. పన్ను దాదాపు పదింతలు అవుతుంది. మాకొద్దన్నారు జనం. అర్జీలు పెట్టారు. వినలేదు. పన్ను కట్టడం మానేశారు. అరెస్టులు చేశారు. ఆ పన్నెండు మందిలో రావూరి అలివేలమ్మ అనే ముసలమ్మ కూడా ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి, వాళ్ల ముందు నిలిచాడు. 1921 ఏప్రిల్ మొదట్లో గాంధీజీ చీరాల వచ్చారు. ఊరు ఖాళీ చేసి పొలిమేర దాటితే మున్సిపాలిటీ దానంతటదే మూతపడుతుందన్నది ముందుకొచ్చిన దారి. సరిగ్గా ఏడాది ముందు ఖిలాఫత్ రోజుల్లో వేలమంది ముస్లింలు ఆంగ్లేయుల రాజ్యంలో ఉండలేమని అఫ్గానిస్తాన్‌కు హిజ్రత్ చేశారు. ఆ హిజ్రత్ చాలామందికి కష్టాలే మిగిల్చింది. కానీ జుల్మ్ చేసేవాడి మీద చెయ్యెత్తకుండా, వాడికి తలవంచకుండా లేచి నడిచిపోవడమనే ఆలోచన ఆనాటి గాలిలో ఉంది. ఏప్రిల్ చివర, రోహిణి ఎండలు ముందున్న రోజుల్లో, సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. 11 నెలలు. ఎండా, వానా, జబ్బులూ, చావులూ అన్నీ ఆ పాకల్లోనే.

చివరికి గెలిచారా? లేదు. దుగ్గిరాలను అరెస్టు చేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. డబ్బు అయిపోయింది, 1922లో జనం ఇళ్లకు తిరిగొచ్చారు. మున్సిపాలిటీ ఉండిపోయింది. దుగ్గిరాల 1928లో పేదరికంలో, క్షయతో పోయాడు, నలభై కూడా నిండకుండా. ఇవాళ ఆయనకు బిరుదు ఆంధ్రరత్న. చీరాల-పేరాల పాఠం మన పిల్లల సోషల్ పుస్తకాల్లో ఉంటుంది, పరీక్షల్లో ప్రశ్నగా వస్తుంది. ఒక మున్సిపాలిటీ వద్దన్న జనం, పన్ను కట్టని జనం, ప్రభుత్వ ఉత్తర్వును ధిక్కరించిన జనం దేశభక్తులు. మరి ఇవాళ భూములు పోతున్నాయని, తాగేనీరు ఉప్పబారిందని అడిగినవాడు అభివృద్ధి నిరోధకుడు, వెనక ఎవరో ఉన్నారని అనుమానం. ఆ అడిగినవాడి పేరు మన పేరైతే అనుమానం కాదు, తీర్పే.

ఇప్పుడు చేదు మాట ఒకటి మనలో మనం చెప్పుకోవాలి. ఇఖ్తిలాఫ్ హక్ బయటివాళ్ల దగ్గర అడగడం తేలిక. ఇంట్లో ఇవ్వడం కష్టం.

షోయబుల్లా ఖాన్ పేరు మన ఆగస్టు జాబితాల్లో ఎంత అరుదుగా వినిపిస్తుందో ఎప్పుడైనా గమనించారా? హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక ఎడిటర్. 1948లో రజాకార్ల జుల్మ్‌ను ఉర్దూలో, వాళ్ల ముఖం మీదే రాశాడు. హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలవాలన్నాడు. ఎదురు రాసే చేతుల్ని నరకాలని రజాకార్ల నాయకత్వం బెదిరించిన కొద్ది రోజులకే, ఆగస్టు 21 రాత్రి, పత్రికాఫీసు నుంచి ఇంటికి వస్తుంటే కాల్చారు, చెయ్యి నరికారు. ముప్పై ఏళ్లు కూడా లేవు. చంపినవాళ్లు తాము మిల్లత్‌ను కాపాడుతున్నామనుకున్నారు. వాళ్ల లెక్కలో ఆయన ఖౌమ్ గద్దార్. ఆ మాట ఎంత సులువుగా మన నోటి నుంచి కూడా వస్తుందో చూడండి.

ఆయన పేరు చెప్పేటప్పుడు దాని వెనకే వచ్చిన సెప్టెంబరును కూడా చెప్పాలి. పోలీస్ యాక్షన్ తర్వాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లతో కూడిన బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని వాళ్లు అంచనా వేశారు. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు బయటికి రాలేదు. కొందరికి షోయబుల్లా ఖాన్ మాత్రమే కావాలి, సుందర్‌లాల్ రిపోర్టు వద్దు. మనలో కొందరికి సుందర్‌లాల్ రిపోర్టు కావాలి, షోయబుల్లా వద్దు. రెండూ నిజాలే. సూరా నిసా 135వ ఆయత్ మనకు చెప్పేది, ఇన్సాఫ్ విషయంలో మీకు వ్యతిరేకంగానైనా, మీ తల్లిదండ్రులకూ దగ్గరివాళ్లకూ వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పమని. సగం సాక్ష్యం చెప్పమని లేదు.

పెద్దల మాట నాకు తెలుసు. "బేటా, చరిత్ర బాగుంది. కానీ కేసు పడితే లాయరు ఖర్చు నీ బ్లాగు ఇస్తుందా?" అంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2007 మే 18న మక్కా మసీదులో జుమా రోజు బాంబు పేలింది. తర్వాత పట్టుకుపోయింది మన పిల్లల్నే. కోర్టు నిర్దోషులని వదిలాక, 2012 జనవరిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు పరిహారంతో పాటు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. తర్వాతి ఏడాది హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. సర్టిఫికెట్! మంచివాడినని సర్కారు ముద్ర వేసిన కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సిన పరిస్థితి ఇంకే పౌరుడికి ఉంది?

కానీ ఆ కథనే మళ్లీ చదవండి. ఆ కుర్రాళ్లు మాట్లాడినందుకు పట్టుబడలేదు. ఖామోషీ వాళ్లను కాపాడలేదు. వాళ్లను బయటికి తెచ్చింది వకీళ్లు, పౌరహక్కులవాళ్లు, ప్రశ్నలు అడిగిన విలేకరులు. వాళ్లలో హిందువులూ ఉన్నారు. అంటే భయపడి మనం నోరు మూసుకున్న చోట ఎవరో మన తరఫున నోరు తెరిచారు. ఆ పని ఎప్పుడూ వాళ్లే చెయ్యాలా?

చట్టం ఎక్కడ నిలబడిందో ఇంట్లో అందరికీ తెలియాలి. రాజ్యాంగ సభ 1948లో, మాట్లాడే స్వేచ్ఛకు హద్దులు రాస్తూ, ముసాయిదాలో ఉన్న సెడిషన్ అనే మాటను తీసేసింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 124ఏను ఉంచింది గానీ, హింసకూ అల్లర్లకూ పురికొల్పితేనే నేరమంది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా అది నేరం కాదంది. 1995లో బల్వంత్ సింగ్ కేసులో, హింస జరగని ఉత్తి నినాదాలకు శిక్ష వేయలేమంది. 2022 మే 11న ఆ సెక్షన్‌ను పక్కన పెట్టించింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయసంహిత వచ్చింది. అందులో సెడిషన్ అనే మాట లేదు. కానీ 152వ సెక్షన్ ఉంది, దేశ సార్వభౌమత్వం, ఐక్యత పేరుతో, యావజ్జీవం దాకా శిక్షతో. పాత ఇంటికి కొత్త తలుపు. అయినా ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్పించుకోవడానికి చేసే విమర్శ నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఆ వాక్యం మన నౌజవాన్లకు నోటికి రావాలి.

ఇఖ్తిలాఫ్‌కు ఆదాబ్ ఉన్నాయి. పేరులేని ఖాతా నుంచి గాలీ తిట్టడం ఇఖ్తిలాఫ్ కాదు. నిజమో కాదో చూడకుండా వీడియో ముందుకు తోయడం అఫ్వా, అది గునాహ్. ఇంకొకరి దేవుణ్ని, ఇంకొకరి ఆడవాళ్లను అనడం ఏ మజ్హబ్‌లోనూ బహాదురీ కాదు. పేరు పెట్టుకుని, కాగితం మీద, ఆధారంతో, పదిమంది ముందు అడగడమే ఇఖ్తిలాఫ్. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలంలోకి, బోరులోకి దిగితే అడగాలి. ఉర్దూ బడిలో ఉస్తాద్ పోస్టు ఖాళీగా ఉంటే అడగాలి. కబరస్తాన్ గోడ, రేషన్, కాలువ చివరి భూములకు నీళ్లు, అన్నీ అడగాలి. మనవి మాత్రమే అడిగితే అది అర్జీ. పక్క పేటవాడి కోసం, వలలు కట్టుకునేవాడి కోసం, కౌలు రైతు కోసం కూడా అడిగితే అప్పుడది వతన్ పని. చీరాల జనం కులాలు లెక్కపెట్టుకుని పాకలు వేసుకోలేదు.

అడగడం ఇంటి నుంచే మొదలవ్వాలి. మస్జిద్ కమిటీని లెక్కలు చూపమన్న కుర్రవాణ్ని "ఫితనా చేస్తున్నాడు" అంటే, వాడు రేపు కలెక్టరును ఏం అడుగుతాడు? కూతురు నికాహ్‌లో తన హక్ అడిగితే "జబాన్ ఎక్కువైంది" అంటే, ఆ జబాన్ దేశం కోసం ఎక్కడి నుంచి వస్తుంది? హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు మహర్ తగ్గించాలన్నప్పుడు ఒక ఔరత్ లేచి ఖురాన్ ఆయత్‌తో ఆపిందని, ఆయన ఆమె మాటకు తలొగ్గారని మనమే గర్వంగా చెప్పుకుంటాం. ఆ కథ మన జమాఅత్‌లో ఇవాళ జరగనిస్తామా?

అందుకే మైకు పట్టుకునే బుజుర్గులకు నా గుజారిష్. ఈసారి పేర్లు చదవండి, తప్పకుండా చదవండి. కానీ ప్రతి పేరు తర్వాత ఆయన ఎవరిని ఎదిరించాడో, ఏ మాటకు జైలుకు పోయాడో అది కూడా చెప్పండి. షోయబుల్లా ఖాన్‌ను చేర్చండి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యను, రావూరి అలివేలమ్మను చేర్చండి. వాళ్లూ మన తీరం వాళ్లే, మన పెద్దలే. ఆ తర్వాత మైకు ఒక పిల్లకో పిల్లాడికో ఇచ్చి, ఈ ఊళ్లో ఏది బాగాలేదో అడగనివ్వండి. వాళ్లు అడిగింది మీకు నచ్చకపోయినా మిఠాయి ఇవ్వండి.

రసీదు అడిగేవాడికి మాత్రం ఒక్కటే జవాబు. నేను ఇక్కడి ఇంట్లో కిరాయికి దిగినవాణ్ని కాను, రసీదు చూపడానికి. ఇంట్లో వాటా ఉన్నవాణ్ని. పైకప్పు కారుతోందని చెప్పేది వాటాదారుడే.